చోటు మారిన వణుకు

బెంగళూరు
నవంబరు 3

వదినా,

మొన్ననే ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేంటి అనుకోకు. అదీ ఒక మాట్లాడుకోవడమేనా? నువ్వు "ఆఁ రాజీ" అనేలోపే అమ్మ ఫోను లాక్కుంటుంది. "ఏటి తిన్నావే, అలా సిక్కిపోనావేటి?" అంటుంది. గొంతు విని నేను చిక్కిపోయానని ఎలా కనిపెట్టిందో ఆవిడకే తెలియాలి. పైగా మా ఆఫీసులో గట్టిగా చెప్పారు. ఈ ప్రాజెక్టులో పనిచేసేవాళ్ళ ఫోన్లు ఎవరో ఒకరు వింటూనే ఉంటారట, పని సంగతులు ఫోన్లో మాట్లాడొద్దట. ఉత్తరాలూ చదువుతారేమో తెలీదు. చదువుకోనీ, యంత్రం పేరూ అంకెలూ నేనెలాగూ రాయను. నేను చిక్కిపోయిన సంగతి తెలుసుకుని వాళ్ళేం చేసుకుంటారు?

అన్నయ్య భోగాపురం అవతల సముద్రం పక్కన నడిపేది మామూలు హెలికాప్టరేనా అని అడిగావు. కాదు వదినా. మామూలుది ఒక వేగం దాటి పోలేదు. పైన తిరిగే రెక్కల్లో ముందుకొచ్చేది గాలిని మరీ గట్టిగా కొడుతుంది, వెనక్కి పోయేదానికి గాలే అందదు. ఇంకా తోలితే ఒక పక్కకి ఒరిగిపోతుంది. మా దానికి ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు. ఒక జత కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి. అందుకే ఒరగదు. తోకలో ఒక పంకా ఉండి వెనకనుంచి తోస్తుంది. మామూలు హెలికాప్టర్ గంట పట్టే చోటికి మాది ముప్పావుగంట కూడా పట్టకుండా వెళ్ళిపోతుంది. రేపు కొండల్లో దెబ్బతిన్న జవాన్లని తేవాలంటే ఆ తేడాయే ప్రాణం.

అంత వేగానికి రెక్కలు బిరుసుగా ఉండాలి. బిరుసు రెక్కలు ఊరుకోవు, వణుకు పుట్టిస్తాయి. ఆ వణుకు లెక్క చూడటమే నా ఉద్యోగం. అన్నయ్య ఎగిరిన ప్రతిసారీ ఆయన కుర్చీ కింద ఎంత వణికిందో నా బల్ల మీదికి గీతలై వస్తుంది. ఒకే ప్రాజెక్టులో అన్నాచెల్లెళ్ళేమిటని మొదట్లో అందరూ వేళాకోళం చేశారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ గీతలు చూసేముందు కాసేపు కళ్ళు మూసుకుంటున్నాను.

శనివారాలు ఇంటికొస్తున్నాడుగా, ఎలా ఉన్నాడో రాయి. ఊరికే "బావున్నాడు" అని కాదు, కాస్త చూసి రాయి.

నీ రాజీ


నరసన్నపేట
నవంబరు 14

రాజీకి,

నీ ఉత్తరం బడికే వచ్చింది. ఎనిమిదో తరగతికి లేఖ ఎలా రాయాలో ఏటా పాఠం చెప్పే తెలుగు టీచరుకి నిజంగానే ఉత్తరం వచ్చేసరికి స్టాఫ్ రూమంతా నా చుట్టూ మూగింది. మా శైలజ టీచరు "ఎవరమ్మా ఆ అభిమాని?" అంది. ఆడపడుచు అంటే ఒక్కరూ నమ్మలేదు. ఆడపడుచు ఉత్తరాలు రాయడమేంటి, రాస్తే వదిన అంత మురిసిపోవడమేంటి అని వాళ్ళ అనుమానం.

నీ రెక్కల కథ మావయ్యకి చదివి వినిపించాను. ఆయన బాగా ఆలోచించి, "అంటే రెండెడ్లూ సెరో పక్కకి లాగితే బండి తిన్నగా పోతాదన్నమాట" అన్నారు. అత్తయ్యకి అదంతా పట్టలేదు. "అంత బేగి ఎల్తే పడిపోడా? ఆ కుర్సీకి తాడేటైనా కడతారో లేదో రాజీని అడుగు" అంది. మావయ్య కసురుకున్నారు. "ఇంట్లో ఆ మాటెత్తొద్దన్నానా? తథాస్తు దేవతలు తిరిగే వేళ" అన్నారు. ఈ ఇంటి సంగతి నీకు తెలుసు కదా. చెడుమాట పైకి అనకపోతే చెడు జరగదని మీవాళ్ళందరికీ గట్టి నమ్మకం. కోడలిగా వచ్చి నేనూ నేర్చుకున్నాను.

కాలవ పక్క చేను కోత అయింది. మొదటి కంకులు అల్లి గుమ్మానికి కట్టే కుచ్చు ఈసారి మావయ్యే అల్లారు. మీ అన్నయ్య గడప మీద కూర్చుని చూశాడు. "నువ్వల్లు నాన్నా, ఈ తూరి నేను సూస్తాను" అన్నాడు. మావయ్య అల్లిక నీకు తెలుసుగా, పల్లెకారు వల కన్నా వదులు. పిచ్చుకలు వచ్చేలోపే సగం గింజలు వసారాలో రాలాయి. అత్తయ్య ఊడ్చినంతసేపూ సణిగింది.

కాస్త చూసి రాయమన్నావు కదా, రాస్తున్నాను. తిండి బాగానే తింటున్నాడు. టీ మాత్రం మూతున్న స్టీలు గ్లాసులో తాగుతున్నాడు, పైలట్ గారి కొత్త షోకు. మాట తక్కువైంది, కోపం ఎక్కువైంది. తర్వాత తయారయ్యే వాటిలో మనిషే ఉండడని, నేలమీద కూర్చుని ఎవరో నడిపిస్తారని అంటున్నారట కదా? ఆ మాట వస్తే చాలు ఇంతెత్తున లేస్తున్నాడు. ఉద్దానం మీద తుఫాను కొట్టిన ఏడాది నీళ్ళలో మునిగిన ఇళ్ళ మీద తిరిగినప్పుడు, కొబ్బరిమట్టల మధ్య ఎవరో ముసలమ్మ సత్తు మూత పట్టుకుని ఊపుతుంటే ఆ తళుకు చూసి దిగాడట. "మిషను ఆ మూతని సూసి మూత అనుకుంటాది. మడిసి అనుకోదు. కుర్సీలో మడిసుండాల" అని నాతో వాదిస్తాడు. నేనేమైనా కాదన్నానా?

మీ వదిన
పద్మ


బెంగళూరు
నవంబరు 25

వదినా,

ఎడ్ల మాట దగ్గర పగలబడి నవ్వాను. కుచ్చు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

అన్నయ్య కుచ్చు అల్లలేదా? ఎన్‌డీయేలో చేరి సైనిక శిక్షణకి వెళ్ళినప్పటినుంచి ఎక్కడ పోస్టింగున్నా కోతకి సెలవు పెట్టి వచ్చి అల్లినవాడు. ఒక ఏడాది జ్వరంతో దుప్పటి కప్పుకుని అల్లాడు, పక్కన నేను కంకులు అందించాను. ఆ అల్లికలో వేళ్ళు ఎంత చురుగ్గా తిరగాలో నీకూ తెలుసు.

నా భయం నీకు విప్పి చెప్తాను. వణుకు తగ్గించడానికి కుర్చీ కింద చిన్న పెట్టెలు అమర్చాం. యంత్రం ఇటు ఊగితే అవి అటు ఊగి సరిపెడతాయి. అవి పెట్టిన రోజునుంచి నా గీతలు సాఫీ అయిపోయాయి. ఆఫీసులో స్వీట్లు పంచారు. నాకు మాత్రం ఆ రోజునుంచే నిద్ర పట్టడం లేదు. అంత వణుకు ఎక్కడికి పోతుంది వదినా? ధాన్యం బస్తాని ఒక పక్క అదిమితే ఇంకో పక్క ఉబ్బుతుంది కదా. కుర్చీ కింద ఆగింది యంత్రాన్ని నడిపే చేతికర్రలోకి పోయిందేమో. వెనక పంకా బిగించిన చోటికి పోయిందేమో. ఆ రెండు చోట్లా కొలిచే సాధనాలు లేవు. పెట్టాలంటే పని ఆపాలి. ఆపడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు.

చేతికర్ర పట్టుకునేది అన్నయ్య ఒక్కడే. దిగిన ప్రతిసారీ "చేతికి ఏమీ తెలియలేదు" అనే రాసిస్తున్నాడు. మా పెద్దాయన మురళీమోహన్ గారు "పైలట్ చెయ్యి కన్నా మంచి సాధనం ఇంకేముందమ్మా?" అంటారు. నిజమే, ఆ చెయ్యి నిజం చెప్తే. నేనే అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. "నీ పని గీతలు సూడ్డం, నా సేతులు సూడ్డం కాదు" అని పెట్టేశాడు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. అన్నం తానే కలుపుకుంటున్నాడా? చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడా? ఆ మూత గ్లాసు ఎప్పటినుంచి? చేతి వేళ్ళు తెల్లబడటం, తిమ్మిరెక్కడం ఏమైనా ఉందా? డిసెంబరులో ఇంతవరకూ పోని వేగంలో సముద్రం మీద ఎగరాలి. నా సంతకం లేనిదే అది జరగదు. నీ పేరు ఎక్కడా రానివ్వను, ఫైల్లో ఒక్క ముక్క పెట్టను. కానీ సంతకం పెట్టాలో వద్దో నీ మాటను బట్టే తేల్చుకుంటాను. నాకు వేరే దారి లేదు వదినా.

రాజీ


నరసన్నపేట
డిసెంబరు 4

చిరంజీవి రాజకుమారికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం చేరింది. మీ అన్నయ్య బాగున్నారు. అన్నం కలుపుకుంటున్నారు, గుండీలు పెట్టుకుంటున్నారు. మూత గ్లాసు చలికాలం కదా, టీ చల్లారకుండా. వేళ్ళకి ఏమీ లేదు. కుచ్చు సంగతి నేనేదో సరదాగా రాస్తే నువ్వు అంతదూరం ఆలోచించావు. అనవసరంగా మనసు పాడుచేసుకోకు.

అత్తయ్య మోకాళ్ళకి రాజాంలో కొత్త డాక్టరు ఇచ్చిన తైలం రాస్తున్నాం. కాస్త గుణం కనిపిస్తోంది. వరి మడిలో చల్లిన మినుములు బాగా మొలిచాయి. బడిలో పరీక్షలు దగ్గరపడ్డాయి, పేపర్లు నేనే తయారుచెయ్యాలి. పెరట్లో జామచెట్టు ఈసారి విరగకాసింది, నువ్వుంటే బాగుండేది.

ఆ ఎగిరే పరీక్ష ఈ నెలలోనే జరగాలా? వచ్చే నెలకి జరపరా? ఊరికే అడుగుతున్నాను.

ఆ చేతుల విషయం ఇంక నన్ను అడగొద్దు.

ఇట్లు
పద్మకుమారి


బెంగళూరు
డిసెంబరు 11

వదినా,

ఒక్క గుక్కలో చదివేశాను. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. అంత బిగుసుకుపోయి రాశావేంటి, "చిరంజీవి రాజకుమారి"నట! నేను అనుమానపడ్డందుకు కోపం వచ్చింది కదూ? వచ్చే ఉంటుంది. మొగుడి చేతుల గురించి ఆడపడుచు ఆరాలు తీస్తే ఎవరికి రాదు? క్షమించు.

ఈ ఉదయం సంతకం పెట్టేశాను. మురళీమోహన్ గారు నా భుజం తట్టి "ఇన్నాళ్ళూ ఏ గీత కోసం ఆగావమ్మా?" అని అడిగారు.  మా వదిన ఉత్తరం కోసం అని ఎలా చెప్పను?

వచ్చే గురువారం ఉదయం ఎగురుతున్నాడు. తీరం వెంట పైకి వెళ్ళి, కళింగపట్నం దాటాక సముద్రం మీద పూర్తి వేగం. ఇది గట్టెక్కితే సైన్యం వాళ్ళు మనిషి కుర్చీ ఉన్న నమూనానే ముందుకు తీసుకెళ్తారని అంటున్నారు. అన్నయ్య కోరుకున్నదీ అదే. నిన్న ఫోన్లో ఆయన గొంతు ఎన్నాళ్ళకో హుషారుగా వినిపించింది.

ఆ ఉదయం ఇంట్లో దీపం పెట్టు. నీ మాట నమ్మి పెట్టిన సంతకం వదినా, నాకింక భయం లేదు.

రాజీ


నరసన్నపేట
డిసెంబరు 16, మంగళవారం

రాజీ,

మధ్యాహ్నం ఫోన్లో నేనేం మాట్లాడానో నాకే గుర్తు లేదు. "సంతకం తీసెయ్, అబద్ధం చెప్పాను, తీసెయ్" అని అరిచినట్టున్నాను. నువ్వు "వదినా, చేతులేనా?" అన్నావు. అవునన్నాను. పెట్టేశావు. ఎవరైనా విన్నారో లేదో నాకు అక్కర్లేదు. నువ్వు ఇప్పుడు ఎక్కడ పరుగెడుతున్నావో, ఎవరి కాళ్ళు పట్టుకుంటున్నావో తెలీదు. మళ్ళీ చేస్తే నీకు అడ్డమని చెయ్యలేదు. చేతులు ఊరుకోవడం లేదు, అందుకని రాస్తున్నాను. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవచ్చా రాజీ? తీసుకోవచ్చని దేవుడా దేవుడా అనుకుంటున్నాను.

అక్టోబరులో మొదలైంది. సోమవారం తెల్లారి వెళ్ళేముందు గుండీలు పెట్టుకోలేక అద్దం ముందు నిలబడ్డాడు. వేళ్ళ కొసలు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. నేను నవ్వుతూ వెళ్ళి గుండీలు పెట్టాను. పెడుతూ ఆ చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి, లోపల సన్నగా వణుకుతున్నాయి. ఇదేమిటని అడిగాను. నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "నా మీద ఒట్టు. రాజీకి గానీ నాన్నకి గానీ సెప్పినావంటే నేను సచ్చినంత ఒట్టే" అన్నాడు. చెయ్యి తీసుకోబోతే గట్టిగా అదిమి పట్టుకున్నాడు. "మడిసి సెయ్యి ఓర్సుకోలేదంటే రేపట్నించి మడిసినే తీసేత్తారే పద్మా. ఆ ఒక్కసారి ఎగరనీ, తరవాత నేనే సెప్తాను" అన్నాడు.

నేను పిల్లలకి సైన్సు మేళాలో మూఢనమ్మకాల మీద నాటిక రాసిచ్చినదాన్ని. అయినా మొగుడి నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పడం నా వల్ల కాలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు నిజం రాయబోయాను. "వేళ్ళు" అని రాయగానే నా అరచేతికి ఆయన నెత్తి తగిలినట్టయింది. కాగితం చించేశాను. ఒట్టు తప్పితే ఆయనకి ఏమవుతుందో అని భయపడ్డాను గానీ, తప్పకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు. నువ్వు నా మాట మీద సంతకం పెడతానని రాసినా నాకు ఎక్కలేదు. ఎన్ని లెక్కలు చూస్తారో, నా మాట ఎంతలే అనుకున్నాను. ఈరోజు బడిలో నీ ఉత్తరం విప్పాను. "నీ మాట నమ్మి పెట్టిన సంతకం" అన్న మాట చదివాను. నా చేత్తో నేనే ఆయన్ని ఎక్కించాను రాజీ. ఇంకెవరూ కాదు.

సెలవు చీటీ కూడా రాయకుండా బయటికి వచ్చేశాను. ఫోను తీశాను, నీ పేరు మీద వేలు పెట్టాను, నొక్కలేకపోయాను. మళ్ళీ తీశాను, మళ్ళీ అంతే. ఏం చెయ్యాలో తెలియక తిన్నగా చేనికి పోయాను. మావయ్య మినుము మడి గట్టు మీద కూర్చుని ఉన్నారు. చూడగానే "ఏటమ్మా, బడి మానేసి ఇలాగొచ్చినావేటి? ఒళ్ళు బాగోలేదా?" అన్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. "మావయ్యా, చెప్పకూడదు, చెప్పకపోతే కూడదు" అన్నాను.  కొడుకు తనచేత కుచ్చు అల్లించిన నాటినుంచీ ఆయన మనసులోనూ ఏదో ఉన్నట్టుంది.

"నరేసు ఒట్టేయించుకున్నాడా?" అన్నారు. తలూపాను.

"ఆడి మీదేనా?"

మళ్ళీ తలూపాను.

మావయ్య లేచారు. తలపాగా విప్పి భుజాన వేసుకున్నారు. నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశారు, ముల్లు గుచ్చుకుంటే చూసినట్టు. తర్వాత ఆ చేతిలోంచి ఏదో తీసినట్టు తీసి, వంగి గట్టు మీద పెట్టారు. పైన ఇంత మట్టిపెళ్ళ పెట్టారు. చిన్నపిల్లలు ఆటలో చేస్తారే, అలాగే. కానీ ఆయన మొహంలో ఆట లేదు. 

"ఆణ్ణి కన్నోణ్ణి నేను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసినాను. ఏటైనా అయితే నాకవుతాది. నువ్వు సెప్పు తల్లీ, బేగి సెప్పు" అన్నారు.

అక్కడినుంచే నీకు ఫోన్ చేశాను. మాట్లాడి పెట్టేసేసరికి ఆయన ఆ మట్టిపెళ్ళ పక్కనే కూర్చుని ఉన్నారు. ఇంటికి రమ్మంటే రాలేదు. "నేనిక్కడుంటాను, నువ్వెళ్ళు" అన్నారు. కాపలా కాస్తున్నట్టున్నారు.

అత్తయ్యకి ఏమీ తెలీదు. వంటింట్లో గురువారానికి దీపపు కుందులు తోముతోంది. ఆ చప్పుడు వింటూ రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి గురువారం దాటిపోయి ఉంటుంది. ఇది నువ్వు ఎలాంటి ఇంట్లో కూర్చుని చదువుతావో నేను ఊహించను.

పద్మ


బెంగళూరు
జనవరి 9

వదినా,

ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. అమ్మ వింటుందని కొన్ని మింగేశాను. ఇప్పుడు రాస్తాను.

నీ ఫోన్ పెట్టేసి వెంటనే మురళీమోహన్ గారి గదిలోకి పరుగెత్తాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి "ఏ గీత చూసి?" అన్నారు. "గీత కాదు సార్, మా అన్నయ్య చెయ్యి" అన్నాను. ఎవరు చెప్పారని అడుగుతారని భయపడ్డాను. అడగలేదు. భోగాపురం క్యాంపు డాక్టరుకి ఫోన్ చేశారు. బుధవారం ఉదయం అన్నయ్యని కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, చేతిలో ఒక గుండీ పెట్టారట. ఏమిటని అడిగితే, "ఏమీ పెట్టలేదుగా" అన్నాడట అన్నయ్య.  గురువారం ఎగరలేదు.

సాయంత్రం అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆడోళ్ళిద్దరూ కలిసి నన్ను దింపేసినారు కదే" అన్నాడు. అంతే.

తర్వాతది నీకు ఇంతవరకూ చెప్పలేదు. పోయినవారం నేనూ భోగాపురం వచ్చాను. ఇంటికి రాలేదని కోప్పడకు, రానివ్వలేదు. యంత్రాన్ని నేలకి గొలుసులతో కట్టేసి, లోపల మనిషి లేకుండా, దూరంనుంచి నడిపించాం. ఈసారి నేను అడిగిన చోట్లన్నీ కొలిచే సాధనాలు పెట్టాం. మొదట అంతా బాగానే ఉంది. గురువారం అన్నయ్య పోవాల్సిన వేగానికి సరిపడా తిప్పేసరికి కుర్చీ కింద గీత సాఫీగానే ఉంది, చేతికర్ర గీత పిచ్చెక్కినట్టు ఎగిరింది. ఆపండి అనేలోపే వెనక చప్పుడైంది. పంకా బిగించిన చోట చట్రం చీలిపోయింది. పంకా ఊడి, కంచె దాటి, సరుగుడు తోటలో పడింది.  దుమ్ము తగ్గాక చూస్తే, లోపల ఖాళీ కుర్చీ, దాని బెల్టులు రెండు పక్కలా వేలాడుతూ ఉన్నాయి.

అది సముద్రం మీద అయి ఉంటే అన్న వాక్యం నేను పూర్తి చెయ్యను. మా నాన్న కూతుర్ని.

నాకు తెలిసి వణుకు ఎప్పుడూ ఆగలేదు వదినా. చోటు మారింది అంతే. కుర్చీ కిందనుంచి అన్నయ్య చేతుల్లోకి, వాటినుంచి నీ నోట్లోకి వచ్చి కూర్చుంది.

తర్వాతి నమూనాలో కుర్చీ తీసేద్దామని పెద్దలు అంటున్నారు. నేను నా నివేదికలో, ఈ యంత్రంలో ప్రమాదాన్ని అందరికంటే ముందు పసిగట్టింది మనిషి చెయ్యేనని, ఆ చెయ్యి నిజం చెప్పడానికి భయపడే పరిస్థితి మనమే తెచ్చామని రాశాను. ఉంచుతారో కొట్టేస్తారో తెలీదు. చట్రం చీలిన సంగతి అన్నయ్యకి ఆఫీసు వాళ్ళు ఇంకా చెప్పలేదు. చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

రాజీ


నరసన్నపేట
ఫిబ్రవరి 6

రాజీకి,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయడానికి ఏమైనా జరగాలి కదా. ఈ ఇంట్లో నెల రోజులకు పైగా ఏమీ జరగలేదు. మీ అన్నయ్య వచ్చాడు, తిన్నాడు, వసారాలో కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు. విశాఖపట్నంలో నరాల డాక్టరు, తిమ్మిరి తగ్గుతుంది గానీ పూర్తిగా తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. ఇంక ఎగరడానికి వీల్లేదని మాత్రం అప్పుడే చెప్పేశాడు.

నవ్వుతావేమో గానీ, నేను భయంతో చచ్చిపోతున్నాను. ఒట్టు తప్పాను కదా. ఆయన హైవే దాటుతుంటే గుమ్మంలోకి పరుగెడతాను. స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే తలుపు కొడతాను. మావయ్యకి దగ్గు వస్తే కూడా నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురెళ్తాను, "ఏటైనా అయితే నాకవుతాది" అన్నారు కదా. ఆయన రోజూ చేనికి పోయి ఆ మట్టిపెళ్ళ ఉందో లేదో చూసి వస్తున్నారు. మినుము కోతకి వచ్చిన కూలీలని ఆ గట్టు తొక్కనివ్వలేదు. కారణం మాత్రం చెప్పలేదు.

నీ ఉత్తరం బీరువాలో దాచాను. చూపించాలా వద్దా అని రోజూ తీసి, మళ్ళీ లోపల పెట్టాను. నిన్న తీసేటప్పుడు, మళ్ళీ దాస్తున్నాను కదా అనిపించింది. ఒకసారి దాచి ఎంత పని చేశానో గుర్తొచ్చింది. తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

చదివాడు. సరుగుడు తోట దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. కాగితం చేతిలో గలగలమంటోంది. మడత పెట్టబోయాడు, వేళ్ళు రాలేదు. నేను మడవబోతే ఇవ్వలేదు, అలాగే జేబులో కుక్కుకున్నాడు. లేచి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాడు.

"ఏ గట్టు మీద పెట్టినావు?" అన్నాడు. ఒట్టు సంగతి ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. మావయ్యే చెప్పి ఉంటారు. ఇద్దరూ చేనికి వెళ్ళారు. నేను వీధిలోనే నిలబడ్డాను. అత్తయ్య "ఏటయింది, ఆ తండ్రీకొడుకులేటి అలా ఎల్తన్నారు?" అని అడిగింది. ఎక్కడికి అని మాత్రం అడగలేదు. వెళ్ళేవాళ్ళని ఆ మాట అడగకూడదు కదా, ఆవిడ పద్ధతి ఆవిడది.

తిరిగి వచ్చేసరికి కాళ్ళనిండా మట్టి. నూతి దగ్గర కడుక్కోకుండానే నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఎతికినాను. పెళ్ళ కింద ఏటీ లేదు" అన్నాడు. నెల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదీ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకీ తెలియలేదు.

అప్పుడు చెయ్యి ఎత్తాడు. తన కుడిచెయ్యి నా నెత్తిన పెట్టాడు. "ఒసే పద్మా, నీ మీద ఒట్టేస్తన్నాను. ఇంక నీకాడ ఏటీ దాయను. భయమేసినా సెప్తాను" అన్నాడు. తర్వాత మెల్లిగా, "శానా భయమేసింది. అక్టోబరు నుంచీ భయమే" అన్నాడు.

మావయ్య వెనక్కి తిరిగి తలపాగా కట్టుకుంటున్నారు, అప్పటికే కట్టి ఉన్నదాన్ని.

ఆ చెయ్యి నా నెత్తి మీద వణుకుతూనే ఉంది రాజీ. నా జుట్టు కుదుళ్ళలోకి తెలుస్తోంది. ఎంతసేపు ఉంచితే అంతసేపూ నిలబడ్డాను. తియ్యమనలేదు.

మీ వదిన
పద్మ